కొత్త ఊళ్లో ఒక్కదాన్నే ఉన్నాను: నడక, అల్లిక, మొక్కలు... ఏది ముందు మొదలుపెట్టాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. వయసు యాభై ఏడు. అబ్బాయి ఉద్యోగం కోసం నంద్యాల వదిలి విశాఖలో మధురవాడ ఫ్లాటుకి వచ్చి ఏడాది దాటింది. షుగర్ బోర్డర్‌లో ఉంది, మోకాళ్లు నొప్పులు, డాక్టరు నడవమన్నారు. పగలంతా ఇంట్లో ఒక్కరే. అక్కడ లేసు అల్లేవారు, పెరట్లో మొక్కలుండేవి. ఇక్కడ రెండూ ఆగిపోయాయి. మూడిట్లో ఏది ముందు మొదలుపెట్టాలి, ఎవరూ తెలియని ఊళ్లో మనుషులు ఎలా దొరుకుతారు, మీ యాస విని నవ్వుతారేమో అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. నడకతో మొదలుపెట్టండి. రోజూ ఒకే వేళకి, ఒకే చోటికి వెళ్లండి. మూడో వారానికల్లా అల్లిక సంచీ పట్టుకెళ్లి అక్కడ పరిచయమైన ఆడవాళ్ల మధ్యే కూర్చోండి. మొక్కల పని వానలు పడ్డాక, మీ అపార్ట్‌మెంట్లో ఇంకో ఇద్దరు ముగ్గురితో కలిసి పెట్టుకోండి. ఏ పని ఎంచుకున్నారన్నది అంత పెద్ద విషయం కాదమ్మా. ఒక రోజు మీరు వెళ్లకపోతే అక్కడ ఎవరికైనా తెలుస్తుందా? తెలిసే చోటే మనుషులు దొరుకుతారు. నా సమాధానమంతా దీని చుట్టూనే ఉంటుంది.

నేను ఫిజియోథెరపిస్టుని. సీతమ్మధార వైపు ప్రాక్టీసు. మోకాళ్లు, భుజాలు, పక్షవాతం తర్వాత చేతులు, ఇవే రోజూ చూసేవి. మా కాలనీ పార్కులో పొద్దున్న ఒక నడక బృందం, శనివారం సాయంత్రం ఒక అల్లిక కూటమి, మా డాబా మీద ఉమ్మడి తోట చాలా ఏళ్లుగా నడుస్తున్నాయి. అందుకే మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది. నొప్పి అని నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామందికి సగం నొప్పి కండరాల్లో ఉంటే మిగతా సగం ఖాళీ మధ్యాహ్నాల్లో ఉంటుంది. పగలు మాట్లాడే దిక్కు లేనివాళ్లు నేను చెప్పిన వ్యాయామాలు ఇంట్లో చెయ్యరు. పక్కన ఇంకొకరుంటే చేస్తారు.

ఇది నా ఒక్కదాని అనుభవమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వేసిన నివేదికలో ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని చెప్పింది. దాని వల్ల ఏటా 8,71,000 మంది దాకా చనిపోతున్నారని లెక్క కట్టింది. కాబట్టి ఒంటరితనం మీ బలహీనత అనుకోకండి. రక్తపోటు, షుగర్ లాగే దీన్నీ పట్టించుకుని సరిచేసుకోవాలి.

ముందు నడక ఎందుకంటే

దానికి కొనాల్సింది ఏమీ లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, రేపే మొదలుపెట్టొచ్చు. అల్లికకి దారం కావాలి, మొక్కలకి అపార్ట్‌మెంట్ వాళ్ల ఒప్పుదల కావాలి. చెప్పులేసుకుని బయటికొస్తే నడక మొదలైపోయినట్టే. పైగా ఒక వేళ అంటూ కుదిరేది నడకతోనే. ఐదున్నరకి లేచే మనిషికి మిగతా రోజు కూడా ఒక దారిలో పడుతుంది.

విశాఖ అనగానే అందరూ ఆర్కే బీచ్ అంటారు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కొంతమేర వాహనాలు ఆపి నడిచేవాళ్లకి వదిలేస్తారు, చాలా బాగుంటుంది. కానీ మధురవాడ నుంచి రోజూ అంత దూరం వెళ్లడం సాగదు. రెండు వారాలకి ఆటో ఖర్చు, విసుగు రెండూ పెరుగుతాయి. మీ గుమ్మం నుంచి పది నిమిషాల్లో చేరే చోటు చూసుకోండి. మీ కాలనీ పార్కో, పీఎం పాలెం స్టేడియం వైపు రోడ్డో చాలు. బీచ్‌ని ఆదివారానికి ఉంచుకోండి. రుషికొండ మీకు దగ్గరే.

మొదటి వారం ఎవరితోనూ మాట కలపాలని కంగారు పడకండి. ఒకే వేళకి, ఒకే వైపు నుంచి నడవండి, అంతే. నాలుగైదు రోజులకి ఎదురొచ్చే మొహాలు గుర్తుపడతారు. పదో రోజుకి తలూపుతారు. తర్వాత ఒక పొద్దున మీరు మానేసి మర్నాడు వెళ్తే, ఎవరో ఒకావిడ "ఏటమ్మా, నిన్న రానేదు?" అని అడుగుతుంది. మా వైపు మాట అది, "నిన్న రాలేదేం" అని. ఆ అడిగినావిడ పక్కన నడవండి. తనే మీ మొదటి మనిషి.

ఊళ్లో పెద్ద పార్కులన్నిట్లో వాకర్స్ క్లబ్బులున్నాయి. యోగా చేసే గుంపులు, లాఫింగ్ క్లబ్బులూ ఉన్నాయి. వెళ్లి చూడండి, మంచిదే. అయితే పెద్ద జనం వేరు, మన మనుషులు వేరు. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా దాదాపు మూడు లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేశారు. ఊరంతా పండగలా ఉండింది, ఆ రోజు అక్కడున్నందుకు నాకు చాలా సంతోషం. మర్నాటి పొద్దున్నకి కావలసింది మాత్రం ఎనిమిది పది మంది ఉన్న గుంపు. పదిహేను దాటితే మళ్లీ ఎవరు వచ్చారో ఎవరు రాలేదో తెలియదు.

ఇక వైద్యం వైపు నుంచి నాలుగు మాటలు. పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, రెండు రోజులైనా కండరాలకి బలమిచ్చే వ్యాయామం ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన. మధ్యస్థం అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. పక్కన మనిషి ఉంటే ఈ పరీక్ష దానంతటదే జరిగిపోతుంది. మీరు మొదటి వారం రోజుకి పదిహేను నిమిషాలే నడవండి. వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి. షుగర్ ఉంది కాబట్టి మధ్యాహ్నం, రాత్రి భోజనం తర్వాత పది నిమిషాలు వరండాలో తిరిగినా భోజనం తర్వాత పెరిగే షుగర్ తగ్గుతుంది.

మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఇసుకలో నడవకండి. పొడి ఇసుకలో పాదం కూరుకుపోయి పిక్క, మడమ నరం మీద భారం పడుతుంది. నీటి అంచున తడి ఇసుక గట్టిగా ఉన్నా ఏటవాలుగా ఉంటుంది, ఒక కాలు ఎత్తులో ఒక కాలు పల్లంలో పడి తుంటి, మోకాలు లాగుతాయి. ఫుట్‌పాత్ మంచిది. షుగర్ ఉన్నవాళ్లు చెప్పుల్లేకుండా నడవొద్దు, అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉంటే గాయమైనా తెలియదు. షుగర్‌కి మందు వాడుతుంటే చీరకొంగులో ఒక చాక్లెట్ ముడేసుకోండి. నడుస్తున్నప్పుడు గుండెలో బరువు, ఎడమ చేతికి లాగడం, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే అక్కడే ఆగి, పక్కవాళ్లకి చెప్పి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నడక మోకాలిని కదిలిస్తుంది, తొడకి కావలసినంత బలం ఇవ్వదు. అది రావాలంటే గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు ఆన్చకుండా లేవాలి, మెల్లగా కూర్చోవాలి. పదిసార్లు. మొదట్లో చేతులు ఆన్చినా పరవాలేదు. మా బృందం నడక అయ్యాక పార్కు బెంచీ మీద ఇదే చేస్తుంది, ఒకరు లెక్కపెడుతుంటే మిగతావాళ్లు లేస్తారు కూర్చుంటారు. తర్వాత గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం. అరవై దాటాక పడిపోకుండా కాపాడేది ఇదే.

ఒక గురి కూడా పెట్టుకోండి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ ఉంటుంది. తొలి పావంచా (కొండ కింద మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు, లక్షల్లో జనం. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర ఇచ్చి పాదాలకి నీళ్లు పోసేవాళ్లుంటారు. మొదటి ఏడాది మీ మోకాళ్లతో మొత్తం పూర్తి చేద్దామనుకోకండి. మీ బృందంతో కొంత దూరం నడిచి ఆగండి. దాని కోసం రెండు నెలల ముందు నుంచీ కలిసి నడవడంలోనే స్నేహం కుదురుతుంది.

అల్లిక సంగతి

మీకు లేసు వచ్చు కాబట్టి ఇది మీ చేతిలో ఉన్న పెద్ద బలం. దాన్ని ఇంట్లో పెట్టుకోకండి. నడక అయ్యాక పార్కు బెంచీ మీద పావుగంట కూర్చుని అల్లండి. ఎవరో ఒకరు ఆగి "ఏం అల్లుతున్నారండీ" అనకుండా పోరు.

మా శనివారం కూటమి అలా మొదలైందే. ఒకావిడ శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి కూతురి ఇంటికొచ్చి ఉండిపోయింది. ఆరు నెలలు నా దగ్గరికి మెడ నొప్పికి వచ్చినా అడిగినదానికి తప్ప మాట్లాడేది కాదు. ఒకసారి సంచీలోంచి సగం అల్లిన పైనాపిల్ డిజైన్ టేబుల్‌క్లాత్ బయటపడింది. పార్కుకి తీసుకురమ్మన్నాను. వచ్చిన మొదటి రోజు కూడా మాట్లాడలేదు. పక్కన ఒక ఇంజనీరింగ్ పిల్ల యూట్యూబ్ చూస్తూ అల్లుతోంది, అంచు ప్రతి వరసకీ లోపలికి పోతోంది. ఈవిడ కాసేపు చూసి, ఆ అమ్మాయి చేతిలోంచి మెల్లగా తీసుకుని రెండు వరసలు విప్పేసింది. వరస చివర తిప్పేటప్పుడు మూడు చైన్లు వేస్తే అదే మొదటి డబుల్ క్రోషె కింద లెక్క అని, ఆ పిల్ల దాన్ని మర్చిపోయి వరసకో కుట్టు పోగొట్టుకుంటోందని సూదితో చూపించింది. నోటితో ఒక్క మాట లేదు. ఆ అమ్మాయి మళ్లీ అల్లింది, అంచు నిట్టనిలువుగా వచ్చింది. "పిన్నీ, ఇంకో వరస చూడు పిన్నీ" అని పక్కకి జరిగి కూర్చుంది. ఆ పిన్ని మా కూటమికి ఇప్పుడు పెద్ద దిక్కు.

చేతిలో పని ఉంటే మనిషి ముఖంలోకి చూడాల్సిన అవసరం ఉండదు. కళ్లు దారం మీద ఉంటాయి కాబట్టి మాట సులువుగా బయటికొస్తుంది. భర్త పోయిన సంగతి, కోడలితో పడని సంగతి, పరీక్షల రిపోర్టు చూసి భయపడిన సంగతి, ఇవన్నీ నేను క్లినిక్‌లో కంటే ఆ బెంచీ మీదే ఎక్కువ విన్నాను. మౌనంగా ఉన్నా ఎవరూ ఏమీ అనుకోరు. మాటకారులు కానివాళ్లకి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

మీ వేళ్ల గురించి ఒక జాగ్రత్త. షుగర్ ఉన్నవాళ్లకి వేలు మడిచాక తెరుచుకోకుండా పట్టేయడం, భుజం బిగుసుకుపోవడం ఎక్కువగా వస్తాయి. అరగంటకి ఒకసారి సూది కింద పెట్టి పిడికిలి తెరిచి మూసి, మణికట్లు తిప్పి, భుజాలు వెనక్కి చుట్టండి. సన్నటి సూది పట్టుకుంటే నొప్పి వస్తే పిడికి గుడ్డ చుట్టి లావు చేసుకోండి. సన్న దారం లేసుకి బదులు కొన్నాళ్లు నాలుగు పోగుల ఊలు, నాలుగు మిల్లీమీటర్ల సూదితో అల్లండి. పని త్వరగా కనిపిస్తుంది, నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకీ అదే తేలిక. దారాలకి వన్‌టౌన్, పూర్ణా మార్కెట్ వైపు చిన్న దుకాణాలు చూడండి. అక్కడికి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లడమే ఒక పూట కాలక్షేపం.

అల్లిక రానివాళ్లు పాత చీరలతో బొంత కుట్టొచ్చు. మా కూటమిలో అదే ఎక్కువ మందికి నచ్చింది, ఎందుకంటే ఒకే బొంత మీద నలుగురు నాలుగు వైపులా కూర్చుని కుట్టొచ్చు. వినాయక చవితికి మట్టి బొమ్మలు చేస్తాం. అందరం కలిసి ఏటికొప్పాక వెళ్లాం. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్లో అంకుడు కర్రని తరిణ మీద తిప్పుతూ, తిరుగుతున్న కర్రకి లక్క రంగు అద్దుతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. పసుపు లాంటి సహజ రంగులే వాడతారు. ఆ బొమ్మలకి 2017లో జీఐ (ఆ ఊరి ప్రత్యేకత అనే భౌగోళిక) గుర్తింపు వచ్చింది, 2025 రిపబ్లిక్ డే కవాతులో మన రాష్ట్రం శకటం ఏటికొప్పాక బొమ్మలదే. మీ గుంపు కుదిరాక తప్పకుండా వెళ్లండి. చేత్తో పనిచేసేవాళ్లు ఇంకో పనివాళ్ల చేతుల్ని చూసినప్పుడు కలిగే ఉత్సాహం వేరు.

మొక్కలు: చివర్లో ఎందుకు చెప్పానంటే

మొక్కల్ని చిన్నచూపు చూసి కాదు. మూడిట్లో మనుషుల్ని గట్టిగా ముడేసేది ఇదే. కానీ తొందరపడి ఒక్కరే మొదలుపెడితే మొదటి ఎండాకాలానికే ఎండిపోయి మనసు విరిగిపోతుంది. రోజూ నీళ్లు అడిగే పని ఇది, మీరు ఊరెళ్తే పోసేవాళ్లుండాలి. అలా పోసే మనిషి ముందు నడకలోనో అల్లికలోనో దొరకాలి.

అపార్ట్‌మెంట్ డాబా అందరిదీ. ముందు అసోసియేషన్‌తో మాట్లాడండి. వాళ్ల భయాలు రెండే: బరువు, కారడం. రెండూ సబబైన భయాలే, లెక్కతో జవాబు చెప్పండి. మనుషులు తిరిగే డాబాకి చదరపు మీటరుకి 150 కిలోల అదనపు బరువు లెక్కేసి కట్టాలని భవనాలు మోయాల్సిన బరువుల మీద ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. ఇరవై లీటర్ల పెయింట్ బకెట్‌ నిండా మట్టి పోసి తడిపితే పాతిక నుంచి ముప్పై కిలోలు తూగుతుంది. కాబట్టి చదరపు మీటరుకి మూడు, మహా అయితే నాలుగు. మధ్యలో కాకుండా దూలాలు, పిల్లర్లు ఉన్న వరసలో పెట్టాలి. పాత బిల్డింగ్ అయితే ఇంజనీరుకి చూపించకుండా పెట్టొద్దు. ప్రతి బకెట్ కింద ఇటుకలు వేసి ఎత్తులో ఉంచితే అడుగున నేల ఆరుతుంది, ఊడ్చుకోవచ్చు, పైకప్పు చెమ్మెక్కదు. వాన నీళ్లు పోయే గొట్టాల దగ్గర ఏమీ పెట్టకండి. ఈ నాలుగు మాటలు కాగితం మీద రాసి ఇస్తే మా వాళ్లు ఒప్పుకున్నారు. అంతకుముందు మొక్కలకి అడ్డుపడిన పెద్దాయనే ఇప్పుడు గోంగూర మళ్లు చూసుకుంటున్నారు.

మట్టికి ఎర్రమట్టి ఒక పాలు, బాగా మాగిన గత్తం (పశువుల ఎరువు) ఒక పాలు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు, గుప్పెడు వేపపిండి. బకెట్ అడుగున ఐదారు బెజ్జాలు, వాటి మీద పెంకు ముక్కలు. నర్సరీ మొక్క వేళ్లు బంకమట్టి ముద్దలో బిగుసుకుని ఉంటే కాసేపు నీళ్లలో పెట్టి ఆ మట్టి వదిలాక నాటండి, లేకపోతే పైన పోసిన నీళ్లు వేళ్ల దాకా వెళ్లవు.

మీకు రుషికొండ దగ్గర కాబట్టి ఉప్పుగాలి తగులుతుంది. ఆకుల అంచులు గోధుమ రంగులోకి మాడితే తెగులు అనుకుని మందులు కొట్టకండి. రెండు రోజులకోసారి ఆకుల్ని మంచినీళ్లతో కడగండి, సముద్రం వైపు ఒక వల కట్టండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. వానాకాలంలో కుండీల్ని వానకి వదిలేస్తే ఆ ఉప్పు కొట్టుకుపోతుంది. మొదట తోటకూర, గోంగూర, తీగబచ్చలి వేయండి. నెలా నెలన్నరకే కూర వండుకోవచ్చు. జూన్‌లో బెండ, ఆనప (మీ వైపు సొర), బీర. టమాటా, వంగ, పాలకూర, మెంతికి చలి మొదలవ్వాలి.

తీగ కూరగాయల దగ్గర ఒక ముచ్చట ఉంది, మా డాబా మీద అందరం పోగయ్యేది దాని వల్లే. ఆనప పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, పొద్దెక్కేసరికి వాడిపోతుంది. నేల మీదైతే రాత్రి తిరిగే చిమ్మెటలు ఆ పని చూసుకుంటాయి, ఐదో అంతస్తుకి అవి సరిగా రావు. అప్పుడు మనమే చెయ్యాలి. ఆడపువ్వు కింద వేలి కొసంత పిందె ముందే ఉంటుంది. మగపువ్వు సన్నటి పొడుగు కాడ మీద వట్టిగా నిలబడుతుంది. మగపువ్వుని తెంపి, తెల్లటి రెక్కలు వలిచేసి, నడిమి పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. గట్టిగా రుద్దితే పిందె చెడుతుంది. అద్దకపోతే నాలుగు రోజుల్లో పసుపు పచ్చబడి రాలిపోతుంది. బీరకీ సాయంత్రమే. కాకరకి, గుమ్మడికి మాత్రం తెల్లవారాక. ఈ పని ఆలస్యం చేస్తే కుదరదు కాబట్టి వంతులు వేసుకున్నాం. సోమవారం ఫలానా ఫ్లాటు, మంగళవారం ఫలానా ఫ్లాటు. నీలిరంగు దారం కట్టిన పిందె అద్దినట్టు గుర్తు. పిల్లలు పోటీపడి దారాలు కడతారు. అద్దిన పిందె నిలబడితే ఆ సంగతి మెట్ల మీదే ఇల్లిల్లూ చేరుతుంది.

కాయ కోశాక కోసినవాళ్లు ఇంటికి పట్టుకుపోకుండా ముక్కలు చేసి పంచుతాం. ఆనపకాయ ఎలాగూ ఒక ఇంటికి ఎక్కువే. పంచడానికి తలుపు కొట్టడం, గిన్నె తిరిగి ఇవ్వడానికి వాళ్లు మీ తలుపు కొట్టడం, కొత్త అపార్ట్‌మెంట్లో ఇంతకంటే సులువైన పరిచయం ఉండదు.

మోకాళ్లకి ఒక మాట. గొంతుక్కూర్చుని కలుపు తియ్యకండి. బకెట్లని నడుం ఎత్తు స్టాండు మీద పెట్టుకోండి లేదా చిన్న స్టూలు వాడండి. మట్టి నింపిన బకెట్ ఒక్కరే ఎత్తొద్దు. భుజం బిగుసుకుపోయిన ఒక పోర్టు రిటైర్డు ఉద్యోగికి నేను వేలాడే కుండీలనే వ్యాయామంగా ఇచ్చాను. మొదట ఛాతీ ఎత్తులో కట్టించి, చెయ్యి లేచిన కొద్దీ కొక్కేలు పైకి జరిపించాను. రోజూ రెండు పూటలా చెంబుతో నీళ్లు పోశారు. క్లినిక్‌లో గోడ మీద వేళ్లు పాకించమంటే విసుక్కునేవారు. మొక్క దాహం మీదున్న జాలితో చెయ్యి పైకి లేపారు. మగవాళ్లని అల్లికకి పిలిస్తే రారు కానీ బకెట్లకి బెజ్జాలు వేయాలి, పందిరి కట్టాలి అంటే డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని వచ్చేస్తారు. మీ అబ్బాయిని కూడా ఆదివారం దానికే పిలవండి.

అక్టోబరు, నవంబరుల్లో ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊరు చెట్లన్నీ ఎలా పోగొట్టుకుందో చూసినవాళ్లం. పిట్టగోడ మీద ఏ కుండీ, ఏ కాలంలోనూ పెట్టొద్దు. తుఫాను కబురు రాగానే పందిళ్లు విప్పి, కుండీలు మెట్ల గది గోడ పక్కకి చేర్చాలి. ఆ పనికి ఎంతమంది పైకి వస్తారో చూస్తే మీ తోట ఎవరిదో తెలుస్తుంది.

కొన్ని హెచ్చరికలు

ఏ బృందంలోనైనా డబ్బు దూరాక చెడుతుంది. చీటీలు, బరువు తగ్గించే పొడులు, షుగర్ పోగొట్టే కషాయాలు అమ్మేవాళ్లు నడక బృందాల్లోకే ముందొస్తారు. మొహమాటపడకుండా వద్దని చెప్పండి, మందులు మానేయమన్న ఏ సలహా వినకండి. వాట్సాప్ గ్రూపు పెడితే అందులో రేపటి వేళ, ఎవరు రావట్లేదు అన్నవే ఉండాలని మొదటి రోజే అనుకోండి. రెండు రోజులు చెప్పకుండా రాని మనిషికి ఫోన్ చేయడం మాత్రం ఎవరో ఒకరు బాధ్యతగా తీసుకోవాలి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి ఆ ఒక్క ఫోన్ చాలా విలువైనది. నెల తర్వాత కూడా మీకు ఆ గుంపులో ఊపిరాడనట్టుంటే ఇంకో పార్కు, ఇంకో వేళ చూసుకోండి. తప్పేమీ లేదు.

ఇంకొకటి, మీ ఉత్తరంలో "దేని మీదా మనసు పోవట్లేదు" అని రాశారు కాబట్టి చెప్తున్నాను. రెండు వారాలకి మించి నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, ఇష్టమైన పని కూడా చేయబుద్ధి కాకపోవడం, బతకడం ఎందుకనిపించడం ఉంటే నడక, అల్లిక సరిపోవు. 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే మానసిక సాయం లైను, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్లడం మోకాలి డాక్టరు దగ్గరికి వెళ్లడం లాంటిదే. చికిత్స తీసుకుంటూ మా నడకకి వచ్చేవాళ్లున్నారు, రెండూ కలిస్తేనే వాళ్లకి బాగుంది.

చివరగా మీ యాస గురించి. విశాఖలో పోర్టుకి, స్టీల్ ప్లాంటుకి, నేవీకి అని అన్ని వైపుల నుంచీ వచ్చి స్థిరపడ్డవాళ్లే ఎక్కువ. మా నడకలో శ్రీకాకుళం, గోదావరి, ఒడిశా, పాలకొండ, అన్ని మాటలూ వినిపిస్తాయి. నంద్యాల మాట లేదు, దాని కోసం చెవులు పెట్టుకుని ఉన్నాం అనుకోండి. ఒక ఆదివారం ఉగ్గాని చేసి డబ్బాలో పట్టుకెళ్లండి, బొరుగులు ఎంతసేపు నానబెట్టారో అడక్కుండా మిమ్మల్ని వదలరు.

మోకాలి ఎక్స్‌రేలో ఏం రాశారో, షుగర్‌కి ఏ మందు వాడుతున్నారో ఇక్కడే కింద రాస్తే కుర్చీ వ్యాయామాల వరస మీకు సరిపడేలా విడిగా రాసిపెడతాను.